హద్దు మీద మంచం

గట్లకుంటలో ఎవరినడిగినా గాజుల రాజయ్య ఇల్లు చూపిస్తారు. ఆ రాజయ్య తన జన్మలో ఒక్క గాజు అమ్మలేదు. అతని తండ్రీ అమ్మలేదు, తాతా అమ్మలేదు. ముగ్గురిదీ ఎడ్లు కాసిన వంశం. అవీ సొంత ఎడ్లు కావు, దొర ఎడ్లు.

రాజయ్య పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ ఎడ్లను చెరువు కట్ట మీద వదిలేసి, కాలినడకన జమ్మికుంట స్టేషనుకు పోయి, సికింద్రాబాద్‌లో మిలిటరీలో భర్తీ అయ్యాడు. అరవై తొమ్మిదిలో మళ్ళీ అదే స్టేషన్లో దిగాడు. ప్రత్యేక తెలంగాణ లొల్లిలో బస్సులు బందయి ఉన్నాయి. ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరిదాకా నడిచి వచ్చాడు. వాడకట్టు ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"ఇన్నేండ్లు ఏడికి పోయినవ్ కొడుకా?"

"శానా దేశాలు తిరిగిన. ఆఖరుకు గాజాల ఉంటి."

"గాజులల్ల ఉన్నడట" అని ముందు నిలబడ్డామె వెనకామెకు చెప్పింది. వెనకామె ఊరికి చెప్పింది. రాజయ్య భార్య పోశవ్వ ఆ సాయంత్రం పెట్టె అడుగుదాకా వెతికింది. రెండు జతల ఖాకీ బట్టలు, ఒక నీలి టోపీ, ఒక దుప్పటి దొరికాయి.

"గాజుల ఊరికి పోయి జత గాజులు తేనోన్ని నిన్నే చూసిన" అంది. ఓట్లు రాసుకోవడానికి వచ్చిన పంతులు కూడా ఇంటిపేరు గాజుల అని రాసుకుపోయాడు. రాజయ్య దిద్దలేదు. తాతలనాడు దొర పిలిచిన పేరు కంటే ఊరు పొరపాటున పెట్టిన పేరే నయమనుకున్నాడు.

గాజా అంటే ఏమిటో చెప్పడానికి అతను చాలాసార్లే ప్రయత్నించాడు. ఊరి మొగదల లక్ష్మీరాజం హోటల్ ఉంది. హోటలంటే నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, ఒక పొయ్యి, ఒక రేడియో. అక్కడ చాయ తాగుతూ చెప్పేవాడు.

"అది ఎవని జాగ రాజన్నా?" అని లక్ష్మీరాజం అడిగాడు.

"గదే లొల్లి. అండ్ల పాలస్తీనోళ్ళు ఉండిరి. ఏరే దేశాలల్ల సావుదెబ్బలు తిని మిగిలిన యూదులు వచ్చి, గిది మా తాతలనాటి భూమి అన్నరు. లడాయి అయింది. ఆళ్ళు ఇజ్రాయిల్ అని దేశం కట్టుకున్నరు. ఇండ్లు పోయినోళ్ళు వచ్చి గాజాల డేరాలు ఏసుకున్నరు. గాజాను ఈజిప్టోడు చూస్తుండె."

"మరి నడుమ నువ్వేం చేస్తుంటివి?"

"గెట్టు కాస్తుంటి."

చాయ తాగేవాళ్ళంతా విరగబడి నవ్వారు. "సముద్రం దాటిపోయి గెట్టు కాసినవా? గదేదో ఈడ్నే కాస్తే అయిపోవు, పోశవ్వ సద్ది తెచ్చియ్యకపోవునా?"

రాజయ్య కూడా నవ్వాడు. కానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. రెండు దిక్కుల మధ్య చిన్న కందకం తవ్వి ఉండేది. అదే హద్దు. ఐక్యరాజ్యసమితి పంపిన అన్ని దేశాల సిపాయిలూ, అందులో మనవాళ్ళూ, నీలి టోపీలు పెట్టుకుని దాని వెంట తిరిగేవారు. చేతిలో తుపాకి ఉండేది, దాన్ని పేల్చే పని మాత్రం ఉండేది కాదు. ఇటువాడు అటు పోకుండా, అటువాడు ఇటు రాకుండా నిలబడడమే ఉద్యోగం. అవతల ట్రాక్టరు నడిపే పిల్లలు కూడా భుజాన తుపాకి వేసుకునే దున్నేవాళ్ళు. "ఆళ్ళ మొకంల గూడ భయమే ఉండె" అని రాజయ్య చెప్పేవాడు. "ఎవడు ఎప్పుడొచ్చి పడ్తడో అని."

రోజూ పొద్దున ఒక ముసలాయన గాడిదతో కందకం దగ్గరికి వచ్చేవాడు. అవతల బత్తాయి తోట ఒకటి కనిపించేది. అది అతనిదే. నాటినవాడు ఇవతల, చెట్లు అవతల. కందకం దాపుకు ఎవరినీ రానివ్వద్దని హుకుం కాబట్టి రాజయ్య అడ్డం నిలబడేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరోజు ముసలాయన కందకాన్ని వేలితో చూపించి "హద్" అన్నాడు. రాజయ్య ఉలిక్కిపడ్డాడు. "హద్దా?" అన్నాడు. ముసలాయన తలూపి, అవతలి చెట్లను చూపించి, చెయ్యి తన గుండె మీద పెట్టుకుని "హక్" అన్నాడు.

హద్దు, హక్కు. పట్వారి నోట్లోంచి, తహసీలు కచేరి మెట్ల మీది నుంచి పుట్టాయనుకున్న మాటలు అంత దూరం నుంచి నడిచి గట్లకుంటకు వచ్చాయని రాజయ్యకు ఆ పొద్దు తెలిసింది. ముసలాయన చెప్పింది మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక కూడా అడ్డం నిలబడ్డాడు. హుకుం అదే కదా.

తర్వాత అరవై ఏడు ఎండాకాలం వచ్చింది. ఈజిప్టు సర్కారు నీలి టోపీల వాళ్ళను వెళ్ళిపొమ్మంది. వాళ్ళు నిలబడ్డది ఈజిప్టు చేతిలో ఉన్న దిక్కే. అవతలి దిక్కున నిలబడనివ్వమని ఇజ్రాయిల్ వాళ్ళు మొదట్నుంచీ చెప్పారు. ఒక్క దిక్కున నిలబడ్డవాడిని ఆ ఒక్క దిక్కువాడు పొమ్మంటే పోవడం తప్ప చేసేదేముంది? మూటలు కట్టుకుని ఓడ కోసం చూస్తుండగానే జూన్‌లో యుద్ధం మొదలై మీద పడింది. మనవాళ్ళలో కొందరు ఆ ఇసకలోనే ఉండిపోయారు. రాజయ్యతో ఒకే డేరాలో పడుకున్న నాందేడు అతను కూడా. ఆ ముక్క మాత్రం రాజయ్య హోటల్లో చెప్పేవాడు కాదు. అడిగితే "లడాయంటే గట్లనే ఉంటది" అని గ్లాసు కింద పెట్టి లేచేవాడు.

పదేళ్ళు గడిచాయి. మిలిటరీ వాళ్ళకిచ్చే భూమి కొంత రాజయ్యకు దొరికింది. ఎడ్లు కొన్నాడు, బాయి తవ్వాడు, ఇల్లు కప్పించాడు. దొరల ముందు చెప్పులు విడవకుండా నిలబడే మనిషి ఊళ్ళో అతనొక్కడే. అది తప్పని దొరలకు తెలుసు, ఏం చెయ్యాలో తెలియదు. మిలిటరీ వాడు కదా.

దొరలు ఇద్దరు. జలపతిరావు, గోపాల్‌రావు. అన్నదమ్ముల పిల్లలు, అంటే పాలోళ్ళు. జలపతిరావు పెద్ద. తాతల ఆస్తి పంచుకున్నప్పుడు వాళ్ళ భూముల మధ్య ఒక రాళ్ళ నేల ఎవరికీ పట్టకుండా మిగిలింది. ముళ్ళ చెట్లు, బండలు, వాన నీళ్ళు పారే ఒక ఒర్రె. ఎవరికీ అక్కరలేదు. దొరల దగ్గర పాలేరుగా ఉన్న కొమురవ్వ మొగుడు ఆ ముళ్ళు కొట్టి, ఆమెతో కలిసి రాళ్ళు ఏరి, గట్టు పోసి దాన్ని చెల్క, అంటే మెట్టచేను, చేశాడు. చేసి చచ్చిపోయాడు. అప్పటి నుంచి దాన్ని కొమురవ్వే సాగు చేస్తోంది. ఊరు దానికి నడిమి చెల్క అని పేరు పెట్టింది. కొమురవ్వ ఏటేటా పంట కాగానే ఒక గంప మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఒక దొర గడీకి, ఇంకో గంప ఇంకో దొర గడీకి మోసేది. భూమి తనదేనని ఈ దొరా అనుకున్నాడు, ఆ దొరా అనుకున్నాడు. ఎవరూ ఆమె జోలికి పోలేదు. గవర్నమెంటు వాళ్ళు కూడా ఇంతకంటే తెలివిగా రాజ్యం నడపలేరు.

డెబ్బై తొమ్మిదిలో కాకతీయ కాలువ నీళ్ళు గట్లకుంట దాపుకు వస్తాయని మాట పుట్టింది. పిల్లకాలువ నడిమి చెల్క అంచు మీదుగానే పోతుందన్నారు. రాత్రికి రాత్రి రాళ్ళ చెల్క బంగారమైంది. అది నాదంటే నాదని దొరలు జీతగాళ్ళను తోలారు. కట్టెలు లేచాయి. ఇద్దరి తలలు పగిలాయి. పగిలినవి దొరల తలలు కావని వేరే చెప్పాలా?

బడి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. సర్వేయరు గొలుసుతో వచ్చి కొలిచేదాకా చెల్కలో ఎవరూ అడుగు పెట్టొద్దని పెద్దమనుషులు తేల్చారు. మరి కాపలా ఎవరు? ఈ దొర మనిషిని ఆ దొర నమ్మడు.

"ఏందిరా రాజిగా" అన్నాడు జలపతిరావు. "ఎక్కడ్నో సముద్రం అవతల గెట్టు కాసినవట గదా. మాది గూడ కాయి."

"కాస్త దొరా. గని నా తీరుగ కాస్త."

"నీ తీరేంది?"

"నడిమి చెల్కల మంచం ఏసుకుంట. రెండు కోళ్ళు మీ దిక్కు, రెండు కోళ్ళు గోపాల్‌రావు దొర దిక్కు."

అరుగు కింద ఉన్నవాళ్ళలోంచి ఎవరో అన్నారు: "కోళ్ళు సరే, గుడ్లు పెడితే ఎవలకు రాజన్నా?"

నవ్వులు ఆగేదాకా రాజయ్య ఆగాడు. "పరాచికం కాదు. గాజాల మేం ఒక్క దిక్కే నిలవడ్డం. ఆ ఒక్క దిక్కోడు పొమ్మన్నడు, పోయినం. ఎనుకనే లడాయి అయింది. ఈడ గట్ల కావద్దు. ఒక్కరు పొమ్మంటే నేను పోను. ఇద్దరు కలిసి పొమ్మంటే ఇగ లొల్లే లేదు గద, పోత."

పెద్దమనుషులకు అది నచ్చింది. దొరలకు నచ్చక తప్పలేదు. కానీ మంచం వేసిన పొద్దే ఇంకో పంచాయితీ పుట్టింది. తల ఎటు పెట్టి పడుకోవాలి? తన దిక్కు కాళ్ళు పెట్టాడని గోపాల్‌రావు కబురు పంపాడు. మరునాడు రాజయ్య తిరిగి పడుకున్నాడు. జలపతిరావు కబురు పంపాడు. అప్పటి నుంచి ఒకనాడు ఇటు తల, ఒకనాడు అటు తల. పోశవ్వ సద్ది తెచ్చి, "ఇయ్యాల ఏ దొరకు మొక్కుతున్నవ్?" అని అడిగేది.

అలా రోహిణి ఎండలు దాటాయి. రాజయ్యకు ఆ పని బాగుంది. చెల్కలోకి పురుగు కూడా రాలేదు. గాజాలో కుదరనిది గట్లకుంటలో కుదిరిందని లోపల లోపల గర్వంగా కూడా ఉంది. మిరుగం కార్తె వచ్చింది. మొదటి వాన పడి భూమి వాసన లేచింది. ఆ తెల్లారి కొమురవ్వ ఒడిలో మక్క విత్తనం పోసుకుని గట్టెక్కింది. పంచాయితీకి ముందు పడిన ఎండాకాలపు వానకే ఆమె దుక్కి దున్నించి పెట్టుకుని ఉంది.

రాజయ్య మంచం మీది నుంచి లేచి అడ్డం పోయాడు.

"రావద్దక్కా."

"ఎవలు రావద్దు?"

"ఎవ్వలు రావద్దు. పంచాతిల ఒప్పుకున్నరు."

"ఎవలు ఒప్పుకున్నరు తమ్మీ? నన్ను పిలిచిండ్రా? నన్నడిగిండ్రా?"

రాజయ్య రెండు చేతులూ అడ్డం చాపాడు.

"ఆళ్ళిద్దరు కొట్టుకుంటె నా నోట్లె మన్ను వడాల్నా? మిరుగం ఎల్లిపోతె మక్కలు నీ మంచం కింద మొలుస్తయా?"

"సర్వేయరు వస్తడక్కా. జర సబర్ జెయ్యి."

"సబర్ జేసి జేసే గిట్లున్న" అని కొమురవ్వ గట్టు దిగింది. ఇంటికి పోలేదు. అవతల బండ మీద, ఒడిలో విత్తనంతో అలాగే కూర్చుంది. తిట్టలేదు, ఏడ్వలేదు. చెల్కను చూస్తూ కూర్చుంది.

రాజయ్య మంచం మీద కూర్చున్నాడు కానీ వెన్ను ఆనలేదు. కందకం, గాడిద, గుండె మీద చెయ్యి కళ్ళ ముందు కదిలాయి. పోశవ్వ సద్ది తెచ్చి, బండ మీది మనిషిని చూసింది, మంచం మీది మనిషిని చూసింది.

"ముసల్దాన్ని ఎండల కూసుండవెట్టి నువ్వు మంచం మీద కూసున్నవా? మంచిగ నేర్చుకొని వచ్చినవ్ గాజాల."

"నువ్వు గిక్కడ కూసో. నేను చాయ తాగొస్త" అని రాజయ్య లేచాడు.

లక్ష్మీరాజం హోటల్లో ఆ పొద్దు పేపరు చుట్టూ నలుగురు ఉన్నారు. రాజయ్యను చూడగానే లక్ష్మీరాజం కేకేశాడు.

"రాజన్నా, నీ లొల్లి తెగిందే! ఈజిప్టోనికి ఇజ్రాయిలోనికి మార్చి నెలల్నే రాజీ అయింది గద. ఇప్పుడు అల్ అరీష్ అనే ఊరు గూడ వాపస్ ఇచ్చిండ్రట."

అల్ అరీష్ రాజయ్యకు తెలుసు. రేషను బండ్లు ఆ దిక్కు నుంచే వచ్చేవి. మనసు నిజంగానే తేలికైంది. అంత యుద్ధం చేసినవాళ్ళు చేతులు కలిపారంటే చిన్న మాటా?

"మంచిదే" అన్నాడు. "మరి గాజా?"

లక్ష్మీరాజం పేపరు తిప్పి చూశాడు. "గాజా సంగతి మళ్ళ మాట్లాడుకుంటరట."

"గాజా ఎవరి చేతిల ఉన్నది?"

"ఇజ్రాయిలోళ్ళ చేతిలనే ఉన్నట్టుంది."

"ఆ డేరాలల్లోళ్ళు రాజీల కూసున్నరా?"

"లేరు. ఆళ్ళను అడగకుంట రాజీ ఎట్ల చేస్కుంటవని అరబ్బు దేశాలన్ని కలిసి ఈజిప్టును వెలేసినయట."

చాయ చల్లారిపోతున్నా రాజయ్య గ్లాసు ఎత్తలేదు. హద్దు కాయడానికి ప్రపంచమంతా కలిసి తనలాంటి వాళ్ళను ఓడలెక్కించి పంపింది. హక్కు కాయడానికి ఎవరిని పంపారు? ఎవరినీ పంపలేదు. అప్పుడు పెద్దవాళ్ళకు తట్టలేదనుకుంటే, ఇప్పుడు తనకు తట్టిందా? రెండు కోళ్ళు ఇటు, రెండు కోళ్ళు అటు అని అరుగు మీద అంత తెలివిగా చెప్పిన మనిషి, నడుమ ఉన్న మనిషిని లెక్కలోకే తీసుకోలేదు.

హోటల్లోంచి లేస్తుండగానే జలపతిరావు జీతగాడు అంతయ్య ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"రాజన్నా, నీ పని అయిపోయింది. దొరలు ఒక్కటైండ్రు."

గోపాల్‌రావు కొడుకు పెళ్ళి కరీంనగర్‌లో. పెద్దదిక్కు లేకుండా పెళ్ళేమిటని చుట్టాలు జలపతిరావును బతిమాలి తెచ్చారు. పందిట్లో పాలోళ్ళిద్దరూ పట్టుకుని ఏడ్చుకున్నారు. నడిమి చెల్క చెరిసగం. సర్వేయరూ వద్దు, పంచాయితీ వద్దు. పెళ్ళయి, చుట్టాలను సాగనంపి రాగానే రెండు దిక్కుల నుంచీ నాగళ్ళు దిగుతాయి.

"ఇద్దరు దొరలు చెప్పుమన్నరు. మంచం ఎత్తుకపొమ్మన్నరు" అన్నాడు అంతయ్య.

"మరి కొమురక్క?"

అంతయ్య ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "ఆమె సంగతి ఎవలు తియ్యలే."

"మళ్ళ మాట్లాడుకుంటరట్నా?"

"గది గూడ అనలే."

రాజయ్య తిన్నగా చెల్కకు పోయాడు. పోశవ్వ మంచం మీద లేదు. బండ మీద కొమురవ్వ పక్కన కూర్చుని ఉంది. రాజయ్య మంచం చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కోళ్ళ కింద చూశాడు.

"ఏమన్న పడిపోయిందా?" అంది పోశవ్వ.

"లేదు. కోళ్ళు చూస్తున్న. రెండు ఆయనయి, రెండు ఈయనయి అనుకుంటి గద. నాలుగు కోళ్ళు కొమురక్క చెల్కలనే ఉన్నయి."

"గిది సమజ్ కావడానికి మిలిటరీల ఇన్నేండ్లు కావాల్నా?" అంది పోశవ్వ.

రాజయ్య కొమురవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు. అంతయ్య తెచ్చిన కబురు దాచకుండా చెప్పాడు. "అక్కా, దొరలిద్దరు నన్ను పొమ్మన్నరు. నువ్వేమంటవు? ఉండాల్నా, పోవాల్నా?"

కొమురవ్వ బండ మీది నుంచి లేచింది. బతుకులో ఎవరైనా ఆమెను ఏం చెయ్యాలని అడగడం అదే మొదలేమో.

"ఉండు" అంది. "ఇత్తులు వెట్టినంక, మొలక మీదికి వచ్చేదాకా ఉండు. మొలిసిన చేను మీదికి నాగలి తేవాలంటె ఎంత దొరకైన జర చెయ్యి వణుకుతది."

"ఉంట."

"నిన్ను కొడ్తరు."

"అది నేను చూసుకుంట."

దొరల ఇంటివాళ్ళంతా కరీంనగర్‌లో పెళ్ళి భోజనాలు చేస్తుంటే, నడిమి చెల్కలో ఇద్దరు ఆడవాళ్ళు పట్టపగలు, ఊరందరూ చూస్తుండగా మక్కలు పెట్టారు. కొమురవ్వ ముందు గుంత తీస్తే పోశవ్వ వెనక గింజ వేసి మన్ను కప్పింది. పాటలు కూడా పాడుకున్నారు. రాజయ్య మంచం మీద కూర్చుని పిట్టలను తోలాడు. పెట్టె అడుగు నుంచి తెచ్చిన నీలి టోపీ నెత్తిన ఉంది. ఎండకు, అంతే. మంచం కింది నాలుగడుగులు కూడా వదలకుండా కొమురవ్వ దూరి విత్తనం పెట్టింది.

వాన మళ్ళీ ఒకసారి కురిసింది. మొలకలు పచ్చగా, సూదుల్లా లేచాయి.

పెళ్ళి చుట్టాలు సర్దుకున్నాక దొరలు వచ్చారు. ఇద్దరూ కొత్త ధోవతులలోనే ఉన్నారు. జలపతిరావు వెనక అంతయ్య నాగలితో, గోపాల్‌రావు వెనక అతని జీతగాడు నాగలితో. గట్ల మీద ఊరు నిండింది.

"లేవురా" అన్నాడు జలపతిరావు. "ఇద్దరం ఒక్కటైతే పోత అన్నోనివి నువ్వే గదరా? మాట మీద ఉండవా?"

"తప్పు మాట అన్న దొరా. ముగ్గురు అనాల్సి ఉండె."

"మూడోడు ఎవడురా?"

"కొమురక్క. ఆమె ఉండుమన్నది. ఆమె పొమ్మన్ననాడు పోత."

"అది మా పాలేరు పెండ్లాం!"

"ముండ్లు కొట్టింది ఆమె మొగడు. రాళ్ళు ఏరింది ఆమె. మీ ఇద్దరు ఎన్నడన్న గీ చెల్కల ఒక్క రాయి ఎత్తిండ్రా? ఎత్తితే ఏ రాయో చూపెట్టుండ్రి, నేనిప్పుడే లేస్త."

గట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. గోపాల్‌రావు ముందుకొచ్చాడు. "హుజూరాబాద్‌కెళ్ళి పోలీసులను పిలుస్త బిడ్డా."

"పిలువుండ్రి దొరా. వాళ్ళకు నేను సలాం కొడ్త, నాకు వాళ్ళు కొడ్తరు. లొల్లి కాకుంట కాపలా ఉండుమని మీరిద్దరు పంచాతిల నన్ను పెట్టిండ్రు. కొట్లాట కాలే, తల పగలలే. నేనేం తప్పు చేసిన్నో ఆళ్ళకే చెప్పుండ్రి."

జలపతిరావుకు ముఖమంతా రక్తం ఎక్కింది. "అంతిగా! తోలు నాగలి!"

అంతయ్య ఎడ్లను గట్టు దింపాడు. నాగలి మొన మొదటి మొలకల దగ్గర ఆగింది. అతను వంగి చూశాడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి ఆపాడు.

"దొరా, మొలిసింది."

"మొలిస్తేంది?"

"మొలిసిన దాని మీద నేను తోలను. జీతం బందు వెట్టుకో, కొట్టు, నీ ఇష్టం. నా చేతులతోని కాదు." నాగలి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. గోపాల్‌రావు జీతగాడు ఎవరూ అడగకముందే తన ఎడ్లను వెనక్కి తిప్పాడు.

జలపతిరావు తమ్ముడి వైపు తిరిగాడు. "నీ మనిషిని దున్నుమను."

"నువ్వు పెద్దోనివి గదనే. నీ సగం ముందు దున్ను."

"నేను ముందు దున్నుతే పాపం నాకు, తెరిచిన దారి నీకా?"

"గట్లయితే నేనెందుకు ముందు దున్నాలె? కాలువ దిక్కు సగం నువ్వే తీసుకుంటివి!"

"కాలువ దిక్కు నాదని పందిట్ల నువ్వే అంటివి!"

"ఏడ్చుకుంట అన్న!"

పెళ్ళి పందిట్లో కలిసిన రాజీ నడిమి చెల్క గట్టు మీద, ఊరంతా చూస్తుండగా ఊడిపోయింది. ఇద్దరు దొరలూ రెండు దిక్కులా నడిచారు. ధోవతుల అంచులకు ఎర్రమట్టి అంటింది. ఒకరైనా వెనక్కి తిరిగి "పంట కోసినంక చూస్త" అనలేదు. ఉన్న కోపమంతా వాళ్ళకు ఒకరి మీద ఒకరికే సరిపోయింది.

రాజయ్య లేవలేదు. దొరలను నమ్మి మంచం ఎత్తేటంత పిచ్చివాడు కాడు. ఇంకా కొన్నాళ్ళు అక్కడే పడుకున్నాడు. తల ఎటు పెట్టాడని ఎవరూ కబురు పంపలేదు. మక్కలు మోకాలెత్తుకు వచ్చాయి. దున్నాలన్నా దున్నలేని ఎత్తు.

ఒక పొద్దున కొమురవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, కొడవలి పట్టుకుని కలుపు తీసుకుంటూ మంచందాకా వచ్చింది. ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"తమ్మీ, ఇగ లే."

"ఎందుకక్కా? మళ్ళ వస్తరేమో."

"వస్తే నేనున్న. అంతయ్య ఉన్నడు, ఊరున్నది. నీ మంచం కింద మక్కలు చూసినవా? ఎండ లేక తెల్లగ పాలిపోయినయి. లే, లే."

రాజయ్య వంగి చూశాడు. నిజమే. నులక కింద నాలుగైదు మొక్కలు పాలిపోయి, వెలుతురు కోసం పక్కకు వంగి ఉన్నాయి. అతనికి పెద్దగా నవ్వొచ్చింది. దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. మొక్కలు విరగకుండా మంచాన్ని నిట్టనిలువునా పైకెత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"పోతున్న అక్కా."

"ఆ ఒడ్డు దిక్కుకెళ్ళి పో, చేను తొక్కకు" అంది కొమురవ్వ. అప్పటికే ఆమె ఆ పాలిపోయిన మొక్కల మొదట్లో మన్ను ఎగదోస్తూ కూర్చుంది.